వాకిలి మీద నల్లమచ్చలు

తొంభైల్లో పెనుకొండలో వాకిళ్లకూ కిటికీలకూ రంగు వేయించాలంటే చాలామంది నాగక్కను పిలిచేవాళ్లు. గోడల పనికి మాత్రం ఆమె ఒప్పుకునేది కాదు. ఆమె మొగుడు మల్లప్ప గోడకు సున్నం కొడుతూ సారువ కట్టెల మీదనుంచి పడి చచ్చిపోయినాడు. అప్పటినుంచి నిచ్చెన రెండో మెట్టు ఎక్కితే చాలు, ఆమెకు కాళ్లు వణికేవి. నేల మీద నిలబడి చేయగలిగిన పని ఏదుంటే అది చేసుకుంటూ, ముసలి అత్త దొడ్డమ్మను సాకుతూ బతికేది. పిల్లల్లేరు. ఆడమనిషి బ్రష్షు పట్టడమేందని మొదట్లో నవ్వినవాళ్లు కూడా, ఆమె చేసిన కిటికీ రెక్కల నునుపు చూసినాక నోరు మూసుకున్నారు.

ఆ ఏడు శ్రావణంలో మార్కండేయులు ఇంటినుంచి పిలుపొచ్చింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారం ఆయనది. ఇల్లు మాత్రం పెనుకొండలోనే, సరిగ్గా కొండ కింద. పాతకాలం ఇల్లు. ముందర కొయ్యస్తంభాల పంచ, ఎత్తైన జోడురెక్కల వాకిలి. ఇల్లు ఉత్తరానికి తిరిగి ఉండటంతో కొండ నీడ పొద్దున్నంతా పంచ మీదే ఉండేది. దానికి తోడు సన్నజాజి తీగ పంచంతా అల్లుకొని, ఉన్న రవ్వంత వెలుతురునూ మింగేసేది. స్నానాలగది కాలవ వాకిలి పక్కనుంచే పారేది.

మార్కండేయులు భార్య చిన్నమ్మ నాగక్కను పంచలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "మా కోడలు పవిత్రకు నెల తప్పింది. పోయినసారి నిలబడలే. ఈసారన్నా కళగా ఉండాల ఇల్లు. ఆకుపచ్చ రంగు వెయ్యి, కండ్లకు చల్లగా ఉంటాది."

నాగక్క పాత రంగును చూసింది. వాకిలి అడుగున, గడప దగ్గర మసక మసకగా నల్లటి చారలున్నాయి. దుమ్మనుకుంది. ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, తడిగుడ్డతో తుడిచి, వానకు రెండు రోజులు తెరిపి దొరికితే గబగబా రంగు వేసేసింది. బాగా మెరవాలని మల్లప్ప అలవాటు ప్రకారం రంగులో అవిసెనూనె ధారాళంగా కలిపింది.

పని చేస్తుండగా పవిత్ర ఒకసారి మజ్జిగ తెచ్చిచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, మనిషి బక్కపలచన. కడుపు ఇంకా బయటికి తెలియడంలేదు. గ్లాసు అందుకుంటూ నాగక్క ఆ కడుపు వైపు చూసి, తనకు తెలియకుండానే నిట్టూర్చింది. గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మ ఆ చూపును చూసింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆ సీమలో వాన పడితే ఒక పూట పడి పోతుంది. ఆ ఏడు అట్లా కాదు. పెద్ద వాన లేదు, కానీ తుంపర ఆగలేదు. కొండ మీద మబ్బు కదలలేదు. ఉతికిన బట్టలు ఆరక కంపు కొట్టేవి. కొన్ని వారాలు గడిచినాక మార్కండేయులు ఇంటి వాకిలి మీద నల్లటి చుక్కలు పుట్టినాయి. ఆవగింజలంత చుక్కలు. వాటి పక్కన మరిన్ని.

చిన్నమ్మ కబురుపెడితే నాగక్క వెళ్లి చూసింది. వంటింటి పొగేమో అనుకొని తుడిచి, పైన ఇంకో పూత వేసి వచ్చింది. పూత ఆరినట్టే ఆరి, లోపలినుంచి మళ్లీ నలుపు పొడుచుకొచ్చింది. ఈసారి చుక్కలు కావు, మచ్చలు. కుడిరెక్క మీద మనిషి ఎత్తున ఐదారు మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి, వేళ్లు చాపిన చెయ్యిలాగా కనబడినాయి. అట్లా అని ఎవరో అన్నారు. అన్నాక అందరికీ చెయ్యే కనబడింది.

అదే వారం పవిత్రకు నెత్తురు అగుపడింది. డాక్టరమ్మ మంచం దిగొద్దనింది. చిన్నమ్మ ఆ మాట విని ఇంటికొచ్చి, నేరుగా మడకశిర వైపు ఉండే ఒక సోదె చెప్పే ఆయన దగ్గరికి పోయింది. ఆయన వాకిలి చూడలేదు, నాగక్కను చూడలేదు. "రంగులో కలిపి పెట్టినారు. పెట్టింది ఆడచెయ్యి, బొట్టులేని చెయ్యి," అన్నాడట.

మర్నాడు నాగక్క గుడిసె ముందర మార్కండేయులు కొడుకు బాలాజి నిలబడినాడు. వెంట నలుగురు మనుషులు. నాగక్క అప్పుడు బియ్యం చెరుగుతా ఉంది.

"ఏం కలిపినావే రంగులో?"

ఆమెకు అర్థం కాలేదు. "అవిసెనూనె కలిపినానప్పా. ఎక్కువయ్యిందా?"

"నాటకాలొద్దు. నా పెండ్లాం కడుపు మీద కన్ను పడింది నీకు. మా అమ్మ చూసింది." బాలాజి గొంతులో కోపమే కాదు, ఏడుపు కూడా ఉంది. "అమావాస్య లోపల వచ్చి నువ్వు పెట్టింది నువ్వే తీసెయ్. తీస్తే సరే. లేకపోతే మేమేం జేయాల్నో మాకు తెల్సు. నిన్నూ నీ అత్తనూ ఇద్దర్నీ."

వీధిలో వాకిళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పొద్దున పంపు దగ్గర పలకరించిన పక్కింటామె కూడా గొళ్లెం పెట్టుకోవడం నాగక్కకు వినబడింది.

వాళ్లు పోయినాక ఆమె వాకిలి మూసి, చేట పక్కన పెట్టింది. ఆమె పుట్టింది కనగానపల్లి దగ్గర ఒక పల్లెలో. చిన్నప్పుడు ఆ ఊర్లో గొర్రెలు వరసగా చచ్చిపోతే, మంత్రాలు చేసిందని ఒక ముసలామెను వేపచెట్టుకు కట్టేసి రాయితో నోట్లో పండ్లు రాలగొట్టినారు. పండ్లు లేకపోతే మంత్రం పలకదంట. నాగక్క గోడ సందులోనుంచి చూసింది. కొట్టినవాళ్లు కొత్తవాళ్లేం కాదు. పండక్కి ఓళిగలు పంచుకునే మనుషులే. ముసలామె నోట్లోనుంచి నెత్తురుతో పాటు "నేను కాదప్పా" అనే మాటే వస్తా ఉండింది. చివరికి ఆ మాట కూడా సరిగా పలకలేకపోయింది.

"పెట్టింది తీసెయ్ అంటారు. పెట్టనిది ఎట్ల తీసేది అత్తా?" అని నాగక్క అడిగింది.

దొడ్డమ్మకు చూపు మందం. ఆమె కోడలి చెయ్యి వెతుక్కొని పట్టుకుంది. "నువ్వు యాడికన్నా పో. నన్నేం చేస్తారు, నేనెట్లా పొయ్యేదాన్నే."

అయితే నాగక్కను లోపల తొలుస్తున్నది ఇంకొకటి ఉంది. ఆ పిల్ల కడుపు చూసి తను నిట్టూర్చిన మాట నిజం. ఆ నిట్టూర్పులో ఏముందో తనకే తెలియదు. మనిషికి తెలియకుండా మనిషి చేతిలోనుంచి చెడు పోతుందా? బ్రష్షు పట్టుకున్న చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.

ఆమె ప్యాసింజరు రైలెక్కి హిందూపురం పోయింది. మల్లప్పకు పని నేర్పిన ఉలిగప్ప అక్కడ ఉంటాడు. ఆయన దగ్గర ఏదన్నా పని చూసుకొని, తర్వాత అత్తను పిలిపించుకుందామని బయలుదేరింది. రైల్లో ఎదురుగా కూర్చున్న ఆడమనిషి "యాడికి పోతాండావక్కా?" అని ఊరికే అడిగినా కొంగు కప్పుకొని కిటికీ వైపు తిరిగింది.

ఉలిగప్ప బాగా తగ్గిపోయినాడు. రంగులు, టర్పెంటైను పీల్చీ పీల్చీ రొమ్ము చెడి, దగ్గుతూ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నాగక్క ఏడవకుండా అంతా చెప్పింది. చెయ్యి ఆకారం దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గు ఆపుకొని అడిగినాడు.

"ఆ ఇంటికి ఎండ తగుల్తాదా?"

"తగలదు మామా. కొండ అడ్డం. పైగా సన్నజాజి పందిరి."

"నీళ్లు?"

"వాకిలి పక్కనే కాలవ."

"అవిసెనూనె పోసినావా?"

"పోసినా."

ఉలిగప్ప తల ఊపినాడు. "నేను వయసులో ఉన్నప్పుడు ఉడుపి పక్కన పని చేసినా. ఆడ ఆర్నెల్లు వానే. ఏ ఇంటి వాకిలి చూసినా ఇట్లనే నల్లగా ఉంటాది. అది బూజు పాపా. ఊరగాయ మీద పట్టదా, అట్లాంటిదే. తడి, నీడ ఉంటే పుడ్తాది. నూనె దానికి తిండి. నువ్వు బూజును చంపకుండా దాని మీదనే రంగేసినావు. అది రంగును తినుకుంటా పైకొచ్చింది."

నాగక్క ప్రాణం లేచొచ్చినట్టయింది. "నిజంగా బూజేనా మామా?"

"చూడకుండా నేనెట్ల చెప్పేది?" అన్నాడు ఆయన. "బ్లీచింగ్ పౌడర్ నీళ్లల్లో కలిపి, తేరిన నీళ్లు ఒక చుక్క ఆ మచ్చ మీద పెట్టు. బూజైతే రవ్వంతసేపటికి తెల్లబడి పోతాది. మురికైతే పోదు, సబ్బు పెట్టి రుద్దాల."

"రెండూ కాకపోతే?"

ఉలిగప్ప వీధిలోకి చూస్తూ చాలాసేపు దగ్గినాడు. తర్వాత, "నాకు రంగుల సంగతే తెల్సు పాపా. ఈడనే ఉండిపో కావాలంటే. మీ అత్తను ఎవరితోనన్నా పిలిపిద్దాం," అన్నాడు.

ఆ మాటతోనే ఆమెకు ఉండబుద్ధి కాలేదు. నిన్నూ నీ అత్తనూ అన్నాడు బాలాజి. తను పారిపోయిందని తెలిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ముందు ఆ ముసలామె మీదనే పడతారు. కళ్లు కనబడని మనిషి, ఎవరు వచ్చినారో కూడా తెలియకుండా గొళ్లెం తీస్తుంది. నాగక్క బజారులో బ్లీచింగ్ పౌడర్ పొట్లం కట్టించుకొని మళ్లీ రైలెక్కింది. పెనుకొండ కొండ కిటికీలోనుంచి అగుపడగానే దిగకుండా అట్లాగే ధర్మవరం పోదామని ఒకసారి అనిపించింది. కాళ్లు ఎట్లా దిగినాయో ఆమెకు గుర్తు లేదు.

దొడ్డమ్మ క్షేమంగానే ఉంది. మర్నాడు పొద్దెక్కినాక, నలుగురూ తిరిగే వేళ చూసుకొని, నాగక్క రేకు డబ్బాలో తేరిన నీళ్లు పట్టుకొని మార్కండేయులు ఇంటికి నడిచింది. ఆమె వెనకాలే జనం చేరినారు. అడుగుల చప్పుడే వినబడతా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే పరుగెత్తుతానేమోనని ఆమె తిరగలేదు.

బాలాజి పంచలోనే అడ్డం నిలబడినాడు. "ఆ నీళ్లేంది?"

"బాయిలో వేసే పౌడర్ నీళ్లప్పా. మచ్చలు పోగొట్టడానికి."

"ఇంకో మందు పోయడానికి వచ్చినావా? కింద పెట్టు!"

నాగక్క డబ్బా కింద పెట్టలేదు. కుడిచెయ్యి మణికట్టు దాకా అందులో ముంచి పైకెత్తింది. గోళ్ల పక్కన పగుళ్లు భగ్గుమన్నాయి. "నా చేతికేమన్నా అయితే చూడండి. వాకిలికి పెట్టకముందే నాకు పెట్టుకున్నా."

లోపలినుంచి మార్కండేయులు వచ్చినాడు. ఆయన ముఖం నిద్రలేక పీక్కుపోయి ఉంది. కొడుకును చూసినాడు, ఆమెను చూసినాడు. "ఒక్క మచ్చ మీద పెట్టనీ. నేనూ చూస్తా."

నాగక్క గుడ్డ తడిపి ఆ చేతి ఆకారం మధ్యలో అద్దింది. పంచలో పౌడర్ వాసన లేచింది. మచ్చ నల్లగానే ఉంది.

"ఏం కాలే," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆమె మళ్లీ అద్దింది. నీళ్లు చారికలుగా కిందికి కారినాయి. జనం దగ్గరికి జరిగినారు. ఒకరి ఊపిరి ఆమె మెడకు తగులుతా ఉంది. బాలాజి చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆ చెయ్యి బిగుస్తా ఉంటే నాగక్కకు వేపచెట్టు, ఆ ముసలామె నోరు కళ్ల ముందర కదిలినాయి. తెలియకుండానే పెదాలు గట్టిగా మూసుకుంది. నాలుక పళ్లను ఒకసారి తడుముకుంది.

"పోతాంది," అన్నారెవరో.

డాక్టరమ్మ మంచం దిగొద్దన్నా, పవిత్ర గోడ పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. "పోతాంది చూడండి. ఆ అంచు చూడండి."

మచ్చ అంచు గోధుమరంగుకు తిరిగింది. తర్వాత పాలిపోయింది. పాలిపోయిన చోట ఆకుపచ్చ రంగు మెల్లగా బయటపడింది. నాగక్క ఇంకో వేలు మీద అద్దింది, ఇంకో దాని మీద. ఒక్కొక్కటే కరిగిపోయినాయి. బాలాజి చెయ్యి భుజం మీదనుంచి జారిపోయింది.

"ఈడ పోలేదే!" అని చిన్నమ్మ గట్టిగా అరిచింది. గొళ్లెం పక్కన అరచేయంత మచ్చ. దాని మీద నీళ్లు ఎంత అద్దినా అట్లాగే నల్లగా ఉంది. "ఇదే, అసలుది ఇదే! ఇది పోదు!"

జనంలో మళ్లీ కదలిక వచ్చింది. రెండూ కాకపోతే? ఉలిగప్ప చెప్పని జవాబు ఆ మచ్చే అనిపించింది. అప్పుడామెకు ఆయన చెప్పిన రెండో మాట తట్టింది.

"సబ్బు," అంది. మళ్లీ అంది. "సబ్బు ఇయ్యండి ఎవరన్నా."

ఎవరూ కదలలేదు. పవిత్రే లోపలికి పోయి బట్టలసబ్బు ముక్క తెచ్చిచ్చింది. నాగక్క ఆ మచ్చను రుద్దింది. నల్లటి నురగ వచ్చింది. కొంగుతో తుడిస్తే కింద రంగు శుభ్రంగా ఉంది. ఆముదం, పసుపు అంటిన చేతులతో ఇంట్లోవాళ్లు రోజూ గొళ్లెం తీసే చోటు అది. చేతి జిడ్డు, అంతే.

తర్వాత వెనకవాళ్లు ఒక్కరొక్కరే వెళ్లిపోయినారు. నాగక్క స్తంభానికి ఆనుకొని కూర్చుండిపోయింది. నీళ్లల్లో ముంచిన చెయ్యి ఎర్రగా పొంగి మండుతా ఉంది.

"మళ్లీ రాకుండా చేయగలవా?" అని మార్కండేయులు అడిగినాడు.

"నేను చెప్పినట్ల చేస్తే రాదు సావుకారూ. ఆ తీగ కొట్టెయ్యాల. కాలవ పక్కకు తిప్పాల. వాన పూర్తిగా ఆగిందాకా నేను బ్రష్షు ముట్టను."

సన్నజాజి కొట్టేస్తుంటే చిన్నమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. కార్తీకంలో ఎండలు కాసినాక నాగక్క పని మొదలుపెట్టింది. కొయ్యనంతా పౌడర్ నీళ్లతో కడిగింది. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడిగింది. పగుళ్లలో చెమ్మ ఉందేమోనని చెంప ఆనించి చూసుకుంటూ కొయ్యను ఎండనిచ్చింది. పాత రంగు లేచిన చోటల్లా గీకేసి, ప్రైమర్ పూసి, అవిసెనూనె చుక్క కూడా కలపకుండా, బూజు పట్టని మందు హిందూపురం నుంచి తెప్పించి రంగులో కలిపి వేసింది. స్తంభాల అడుగున నేలకు తగిలే చోట్లను మరీ జాగ్రత్తగా చేసింది. బాలాజి వస్తూ పోతూ చూసేవాడు.

కానీ భయం పోలేదు. ఆ పిల్ల కడుపు నిలబడకపోతే మళ్లీ తన గుడిసె ముందరికే వస్తారని నాగక్కకు తెలుసు. వాకిలి శుభ్రంగా ఉన్నా రావచ్చు. ఆ నెలలన్నీ ఆమె రోజూ ఆ వీధిలోనుంచి పోయేది. ముందు వాకిలి చూసేది, తర్వాత గుమ్మంలో పవిత్ర అగుపడుతుందేమోనని చూసేది. ఒకరోజు అగుపడకపోతే అన్నం సయించేది కాదు. దొడ్డమ్మ రెండు గుడ్డమూటలు కట్టి తలుపు దగ్గరే పెట్టుకుంది.

వేసవిలో ధర్మవరం ఆస్పత్రిలో పవిత్రకు ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి పంపు దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే విని నాగక్క బిందె కింద పెట్టి అక్కడే కూర్చుంది. సంతోషమో ఏమో ఆమెకు తెలియలేదు. నీళ్లు నిండి పొర్లిపోతున్నాయని పక్కింటామె అరిచింది.

ఆ తర్వాత పెనుకొండలో ఆమెకు పని తగ్గింది. ఎవరూ ఏమీ అనరు, పిలవరు, అంతే. అత్తను తీసుకొని ధర్మవరం వెళ్లిపోయింది. మగ్గాల ఇండ్లకు రంగులు వేస్తూ అక్కడే స్థిరపడింది. రెండువేల సంవత్సరం దాటినాక అక్కడ కూడా ఒకసారి ముసురు పట్టి, కిటికీలు నల్లబడినాయి. ఎవరింట్లో పిలిచినా ఆమె ఇంటిల్లిపాదినీ పిలిచి ముందర నిలబెట్టుకొని, మచ్చ మీద ఒక చుక్క పెట్టి చూపించి, "ఇది బూజు," అని చెప్పినాకే పని మొదలుపెట్టేది. ఇంత తతంగం ఎందుకని వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

చిన్నమ్మను ఆమె ఇంకొక్కసారే చూసింది. ధర్మవరం రైలుస్టేషన్లో, ఐదారేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకొని ఎదురుగా వస్తా ఉంది. నాగక్కను గుర్తుపట్టగానే ఆగిపోయింది. పిల్లను గబుక్కున లాగి చీరకొంగు వెనక దాచుకుంది. ఆ కళ్లలో కోపం లేదు. ఉన్నది భయమని నాగక్కకు వెంటనే తెలిసింది, ఆ చూపు ఆమెకు బాగా తెలిసినదే. పిల్ల మాత్రం కొంగు పక్కనుంచి తొంగి చూసి నవ్వింది.

నాగక్కకు ఆ పిల్లను చూడాలనిపించింది. కానీ చూపు దించుకొని, గోడ వైపు జరిగి, వాళ్లకు దారి ఇచ్చింది.